కత్తి మీద పేరు ఎవరిది? ఉక్కు వెనుక చెమట ఎవరిది?

 

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ ప్రత్యేక సంచికలో పోరాటాల గురించి, పండుగల గురించి, పాటల గురించి ఎన్నో వ్యాసాలు చదువుతారు. మేము మాత్రం ఒక వస్తువు గురించి మాట్లాడదలచుకున్నాం. ఆ వస్తువు కత్తి. కోతకు వాడే కత్తి కాదు, యుద్ధంలో వాడే కత్తి కూడా కాదు. సైన్యాధికారులకు గౌరవంగా ఇచ్చే బహుమతి కత్తి. దానికీ మన నిర్మల్ గుట్టలకూ, మెట్‌పల్లి చేలకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. చివరిదాకా చదవండి, మీకే తెలుస్తుంది.

2023 మే 23న లండన్‌లో ఒక కత్తి వేలానికి వచ్చింది. మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ పడకగదిలో దొరికిందని చెప్పే కత్తి అది. కోటీ నలభై లక్షల పౌండ్లకు పైగా పలికింది. అప్పటి లెక్కలో అది 140 కోట్ల రూపాయలకు మించిన మొత్తం. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయి టిప్పు చనిపోయాక, దాడికి నాయకత్వం వహించిన మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు సైన్యం ఈ కత్తిని బహూకరించింది. ఆయన ధైర్యానికి గుర్తుగా ఇస్తున్నామని దాని మీదే రాయించింది. అంటే ఓడిపోయినవాడి కత్తి గెలిచినవాడికి బహుమతి అయింది. ఇచ్చినవారి పేరుంది, పుచ్చుకున్నవాడి పేరుంది, చనిపోయిన రాజు పేరుంది. దాన్ని కొలిమిలో కాల్చి సాగదీసిన మనిషి పేరు మాత్రం ఆ రాతలో లేదు.

మా వ్యాసం ఆ లేని పేరు గురించే.

బహుమతి కత్తి అంటే ఏమిటి?

మన దేశంలో పాదుషాలూ నవాబులూ తమకు నచ్చిన సరదారుకు ఖిల్లత్ ఇచ్చేవారు. ఖిల్లత్ అంటే గౌరవ వస్త్రం. దానితో పాటు హోదాను బట్టి గుర్రం, ఏనుగు, కత్తి ఇచ్చేవారు. నిండు దర్బారులో కత్తి అందుకోవడమంటే రాజు నమ్మకాన్ని అందుకోవడం. హైదరాబాదు నిజాముల దర్బారులోనూ ఈ ఆచారం ఉండేది.

ఇంగ్లండులోనూ ఇలాంటి పద్ధతే ఉంది. 1803లో లండన్‌లోని లాయిడ్స్ వర్తకులు ఒక దేశభక్తి నిధి ఏర్పాటు చేసి, ఫ్రెంచివారితో యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న అధికారులకు కత్తులు ఇవ్వసాగారు. కెప్టెన్‌కు 100 పౌండ్ల కత్తి, లెఫ్టినెంట్‌కు 50 పౌండ్లది, వారికంటే కింది హోదావారికి 30 పౌండ్లది. అలుగు మీద నీలం రంగు, బంగారు పూత, దాని మీద అధికారి పేరు, అతను చేసిన పని. ఆ కత్తితో ఎవరూ యుద్ధానికి వెళ్లరు. గోడకు వేలాడదీస్తారు, వంశంలో ఒకరి తర్వాత ఒకరు దాచుకుంటారు. కొన్ని తరాలు గడిచాక అది వేలంపాటకో మ్యూజియానికో చేరుతుంది.

మన హైదరాబాదు కత్తి ఒకటి కూడా ఇలాగే దూరం పోయింది. పాము మెలికల్లాంటి అలుగు, రంపపు పళ్లలాంటి అంచు, బంగారు గీతలతో ఏనుగులు, పులుల బొమ్మలు ఉన్న కత్తి అది. 1903లో ఢిల్లీ దర్బారులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని ప్రదర్శించాడు. 1905లో అది బొంబాయి సైన్యాధిపతి జనరల్ ఆర్చిబాల్డ్ హంటర్ చేతికి వెళ్లింది. ఆయన దాన్ని కొనుక్కున్నాడు. 1978లో ఆయన బంధువు గ్లాస్గో నగర మ్యూజియానికి ఇచ్చాడు. నిజాం సేకరణ నుంచి అది న్యాయంగా బయటికి పోలేదని తేలడంతో, 2022 ఆగస్టు 19న గ్లాస్గో మ్యూజియం వారు మరో ఆరు వస్తువులతో కలిపి దీన్నీ భారతదేశానికి తిరిగి ఇస్తామని ఒప్పందం మీద సంతకం చేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒక కత్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో నూరేళ్ల తర్వాత కూడా కాగితం మీద దొరుకుతోంది. అధికారుల వస్తువులకు చరిత్ర ఉంటుంది, ఎందుకంటే వాటి వెంట రాత ఉంటుంది. మన వస్తువులకు రాత లేదు. దాంతో వాటికి చరిత్రే లేదని అనుకుంటారు.

1860: ఒకే ఏడాది, రెండు దృశ్యాలు

ఏటా ఏప్రిల్ 9న మనం రాంజీ గోండును తలచుకుంటాం. గోండులను, రోహిల్లాలను ఒక్కటి చేసి, నిర్మల్ చుట్టుపక్కల అడవుల్లో ఇంగ్లీషు అధికారుల సైన్యాన్ని ఎదిరించిన వీరుడు ఆయన. 1860లో ఆయననూ, ఆయనతో పట్టుబడినవారినీ నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరి తీశారు. మన పెద్దలు వెయ్యి మందిని అని చెబుతూ వచ్చారు. అందుకే దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరు.

అదే 1860లో లండన్ నగరం 1857 తిరుగుబాటును అణచిన ఇద్దరు సేనానులను సన్మానించింది. ఒకరు లార్డ్ క్లైడ్, ఇంకొకరు సర్ జేమ్స్ ఔట్రామ్. వారికి ఇచ్చిన గౌరవాల్లో కత్తులున్నాయి. ఆ ఇద్దరూ నిర్మల్‌కు వచ్చినవారు కాదు, వాళ్లు లక్నో వైపు పోరాడినవారు. కానీ అణచివేసింది ఒకే తిరుగుబాటును. ఒక చోట గెలిచినవారికి బంగారు పిడి కత్తి, ఇంకో చోట ఓడినవారికి మర్రి ఊడకు తాడు. ఆ కత్తుల మీద పేర్లు చెక్కారు. మర్రికి వేలాడినవారిలో మనకు తెలిసిన పేర్లు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇది చెప్పింది కోపం కోసం కాదు. పేరు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు అన్నది మీకు అర్థం కావాలని.

డమాస్కస్ కత్తికి మన ఉక్కు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నాలుగైదు వందల ఏళ్ల కిందట ప్రపంచంలో అందరూ కోరుకున్న కత్తి ఒకటుంది. దాని అలుగు మీద నీళ్లలో అలల్లా, చెక్కలో రేఖల్లా చారలు కనిపిస్తాయి. పర్షియావాళ్లు ఆ చారలను జౌహర్ అన్నారు. యూరపువాళ్లు ఆ కత్తిని డమాస్కస్ కత్తి అన్నారు. రాజులు రాజులకు పంపుకున్న కానుకల్లో, సేనానులకు ఇచ్చిన బహుమానాల్లో ఇలాంటి కత్తులకు ఎంతో విలువ ఉండేది.

పేరు డమాస్కస్‌దే కానీ, ఉక్కు చాలావరకు దక్షిణ భారతం నుంచి పోయింది. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, పర్షియాలో చారల కత్తులకు వాడే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని రాశాడు. గోల్కొండ రాజ్యంలో ఉక్కుకు పేరుపడ్డ ప్రాంతం మన ఉత్తర తెలంగాణ. నిర్మల్, మెట్‌పల్లి, జగిత్యాల, ఇందూరు చుట్టుపక్కల ఊళ్లు అవి.

వాటిలో అన్నిటికంటే పేరున్నది కోనసముద్రం. ఇప్పుడు కోనసముందర్ అంటున్నారు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో, మన పాత కరీంనగర్ జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉంది. మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు, చూడండి. 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే డాక్టరు ఆ ఊరికి వచ్చాడు. దేశాన్ని కొలిచే సర్వే దండుతో తిరుగుతూ రాళ్లను, ఖనిజాలను పరిశీలించడం ఆయన పని. అక్కడ ఆయనకు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఒకడు కనిపించాడు. ఉక్కు ముద్దలు కొనడానికి అంత దూరం నుంచి వచ్చి, ఊళ్లోనే మకాం పెట్టి, దగ్గరుండి తూకం చూసుకుంటున్నాడు. తమ దేశంలో అలాంటి ఉక్కు తీయాలని ప్రయత్నించినా కుదరలేదని అతను చెప్పాడట. వాయిసీ రాసిన ఈ వివరాలు ఆయన చనిపోయాక, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

ఆ రాతలో మన ఊళ్ల పేర్లు ఉన్నాయి. ఇనుము మెట్‌పల్లి వైపు నుంచి, నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి వైపు నుంచి వచ్చేదని ఉంది. దిమ్మదుర్తి ఇప్పుడు నిర్మల్ జిల్లా మామడ మండలంలో ఉంది. ఆ దారిన ఎన్నోసార్లు బస్సులో వెళ్లి ఉంటారు. ఇరాన్ వర్తకుడు వెతుక్కుంటూ వచ్చిన సరుకుకు అసలు ముడిసరుకు ఆ గుట్టల్లోదే.

ఉక్కు ఎలా తీసేవారు?

మొదట ఇనుప రాయిని దంచి, నీళ్లలో కడిగి, బరువైన నల్లటి ఇసుకను వేరు చేస్తారు. మట్టి కొలిమిలో బొగ్గూ ఆ ఇసుకా పొరలు పొరలుగా వేసి, తోలు తిత్తులతో గాలి ఊదుతారు. కొన్ని గంటలకు ఇనుము ముద్దగా అడుగున చేరుతుంది. మలినం కరిగి బయటికి కారి, గట్టిపడి నల్లటి గాజురాయిలా మిగులుతుంది. దాన్నే చిట్టెం అంటారు.

ఆ ఇనుము ఇంకా ఉక్కు కాదు. ఒక చోటి ఇనుమునూ మరో చోటి ఇనుమునూ తగిన పాళ్లలో కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత వేసి మట్టితో మూసేస్తారు. ఆ మూస మామూలు మట్టిది కాదు, ఎంత వేడికైనా పగలని మట్టితో, ఊక కలిపి చేసింది. దాన్ని కొలిమిలో పెట్టి, మనుషులు వంతులు మార్చుకుంటూ ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా తిత్తులు ఊదాలి. తర్వాత మెల్లగా చల్లారనివ్వాలి. మూస పగలగొడితే లోపల ఉక్కు ముద్ద ఉంటుంది.

ఇక్కడ తెలివి ఏమిటంటే, ఇనుములోకి బొగ్గు సారం ఎంత చేరాలో అంతే చేరాలి. ఈ ఉక్కులో అది సుమారు ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. తక్కువైతే అంచు మెత్తన, మరీ ఎక్కువైతే దెబ్బకు విరుగుతుంది. ఇక కత్తి చేసేవాడు దాన్ని మరీ ఎర్రగా కాల్చకుండా, ఓపికగా సాగదీయాలి. వేడి మించిందా, చారలు మాయమవుతాయి. కొలతల పరికరం ఏదీ లేని కాలంలో మంట రంగు చూసి, తిత్తి చప్పుడు విని ఇదంతా చేశారు.

యూరపు శాస్త్రవేత్తలు దీన్ని ఊట్జ్ అన్నారు. ఆ మాట మన ఉక్కు అన్న మాట నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. కన్నడంలోనూ అది ఉక్కే. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దీని మీద వ్యాసం చదివాడు. విద్యుత్తు శాస్త్రంలో మీరు చదువుకునే మైఖేల్ ఫారడే కూడా, 1819 తర్వాత కొన్నేళ్లు, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఈ ఉక్కు రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు. అంత గొప్ప శాస్త్రవేత్తను కూర్చోబెట్టి ఆలోచింపజేసిన పని మన ప్రాంతంలో చదువు రాదని అందరూ అనుకున్న మనుషులు చేశారు.

మరి వాళ్లెవరు?

ఇనుము తీసినవారిని మన ప్రాంతంలో ముద్ద కమ్మరులు అంటారు. వాళ్లు కొలిచే దేవత మమ్మాయి. ఆమె కొలువై ఉన్న చోట్ల చుట్టుపక్కల చిట్టెం కనిపిస్తుంది. ఈ మాట మేము నిజాయితీగా చెప్పాలి. కోనసముద్రం ఉక్కును మన గోండులో కోలాములో తీశారని మేము అనడం లేదు. లండన్‌లో అమ్ముడుపోయిన టిప్పు కత్తి మన ఉక్కుదని కూడా అనడం లేదు. లేని గొప్పను తగిలించుకుంటే, ఉన్న గొప్పను కూడా ఎవరూ నమ్మరు.

కానీ ఒకటి ఆలోచించండి. ఒక కొలిమి మండాలంటే ఇనుముకు ఎన్నో రెట్లు బొగ్గు కావాలి. బొగ్గు అడవిలోంచి రావాలి. ఇనుప రాయి గుట్టల్లోంచి రావాలి. ఆ అడవిలో, ఆ గుట్టల్లో ఉన్నదెవరు? ఏ చెట్టు బొగ్గు నిలకడగా మండుతుందో, ఏ వాగులో నల్ల ఇసుక పేరుకుంటుందో తెలిసిన జ్ఞానం అడవితో కలిసి బతికినవారి మధ్యనే పెరుగుతుంది. కమ్మరిదీ అడవి బిడ్డదీ పక్కపక్క బతుకు. మధ్య భారతంలో అగరియాలు ఆదివాసులై ఉండి ఇనుము తీసినవారే. వారి మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు.

మన కథలోనే ఇనుము ఉంది. పహండి కుపార్ లింగల్ కథ పండుగలో ప్రధాన్, తోటి కళాకారులు కీకిరి వాయిస్తూ పాడుతుంటే మీరు విని ఉంటారు. అందులో వచ్చే చోటు పేరు కచికోపా లాహుగఢ్. 19వ శతాబ్దంలో నాగ్‌పూర్‌లో ఈ కథను రాసుకున్న స్టీఫెన్ హిస్లాప్ ఆ పేరుకు ఇనుప లోయ, ఎర్ర కొండ అని అర్థం చెప్పాడు. గోండిలో కచ్చి అంటే ఇనుము. మన తొలి మనుషుల అడుగులు పడ్డ చోటుకు మన పెద్దలు ఇనుము పేరు పెట్టారు. పెర్సాపేన్ పూజలో చవరంతో పాటు పవిత్రంగా దాచుకునే గుర్తు కూడా ఇనుప బల్లెపు మొనే. రాజు ఇచ్చిన కత్తిని అధికారి గోడకు వేలాడదీశాడు. మన పెద్దలు తమ ఇనుమును దేవుడి దగ్గర పెట్టి మొక్కారు. బహుమతి కత్తి ఒక్క మనిషి పేరు చెబుతుంది, పెర్సాపేన్ మొన మొత్తం గోత్రానిది.

కొలిమి ఎందుకు ఆరిపోయింది?

19వ శతాబ్దంలో ఇంగ్లండు పెద్ద కొలుముల ఇనుము ఓడల మీద, తర్వాత రైళ్ల మీద చవకగా వచ్చింది. రాజుల సైన్యాలు చిన్నవైపోయాయి, కత్తుల గిరాకీ తగ్గింది. మరోవైపు అడవులు సర్కారీ రిజర్వు అయ్యాయి. చెట్టు కొడితే జుర్మానా, బొగ్గు కాలిస్తే కేసు. బొగ్గు లేని కొలిమి మండదు. ముద్ద కమ్మరులు ఊళ్లో నాగలి కర్రులు, గొడ్డళ్లు చేసుకునే పనికి దిగారు. మన పూర్వీకులను పోడు నుంచి వెళ్లగొట్టిన అడవి చట్టమే కమ్మరి కొలిమినీ ఆర్పింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము ప్రాణమిచ్చింది ఆ అడవి హక్కు కోసమే. అందుకే ఈ రెండు చరిత్రలను మేము విడదీసి చూడలేము.

రాత లేదన్నది నిజం కాదు

మన పనికి రాత లేదని మొదట్లో అన్నాం. ఇప్పుడు ఆ మాట దిద్దుకుంటాం. రాత ఉంది, కాగితం మీద కాదు, నేల మీద ఉంది. అది చిట్టెం.

2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ పరిశోధకులు కలిసి మన పాత ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో తిరిగారు. ఈ విషయంలో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగిన మన తెలంగాణ చరిత్రకారుడు ఎస్. జైకిషన్ కృషి వారికి దారి చూపింది. ఇనుము, ఉక్కు తీసిన ఆనవాళ్లున్న చోట్లు రెండు వందలకు పైగా నమోదయ్యాయి. చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసలు, తిత్తి గొట్టాల మట్టి ముక్కలు, మమ్మాయి గుళ్లు. ఒక మూస ముక్కను పరీక్షిస్తే ఎంత వేడిలో కాలిందో, లోపల ఏం కరిగిందో చెప్పవచ్చు. అంటే అది కూడా చదవగలిగిన అక్షరమే.

కానీ ఆ అక్షరం చెరిగిపోతోంది. చేను చదును చేస్తే దిబ్బ పోతుంది. రోడ్డుకు మొరం తవ్వినప్పుడు చిట్టెం టిప్పర్‌లో వెళ్లిపోతుంది. ఎవరూ కావాలని చేయడం లేదు. అది నల్లరాయి అనుకుంటారు, అంతే. లండన్‌లో ఒక కత్తి అద్దాల పెట్టెలో భద్రంగా ఉంటుంది, దానికి పుట్టినిల్లయిన చోటు బురదలో కలిసిపోతుంది. దీన్ని ఆపగలిగింది మీరే.

అందుకే మీకు కొన్ని పనులు అప్పగిస్తున్నాం.

మీ ఊరి శివారులో చేనులోనో వాగు ఒడ్డునో బరువైన, నల్లటి, గాజులా మెరిసే, బుడగలున్న రాళ్లు గుట్టగా కనిపిస్తే ఫోన్‌లో ఫొటో తీయండి. పక్కన ఒక కర్రో చెయ్యో పెడితే సైజు తెలుస్తుంది. చోటు గుర్తించండి, తేదీ రాయండి. తవ్వకండి, ముక్కలు ఇంటికి తేకండి. చోటు నుంచి కదిలితే దాని సాక్ష్యం సగం పోతుంది.

ఊళ్లో ముసలి కమ్మరి తాత ఉంటే, ఆయన ముందు కూర్చోండి. కొలిమి, తిత్తి, మూస, సుత్తి, పట్టుకారు, ఒక్కొక్క భాగానికి ఆయన వాడే మాట రాసుకోండి. గోండిలో, కొలామీలో వాటిని ఏమంటారో మీ అవ్వను, తాతను అడగండి. మాట పోతే పని కూడా పోతుంది.

మీ ఇంట్లోనో పటేల్ ఇంట్లోనో పాత కత్తి, బల్లెం, కటారు ఉంటే, ఊరికి వచ్చే పాత సామాన్ల వర్తకుడికి తూకానికి అమ్మకండి. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన అలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఇక పేన్ వస్తువుల విషయంలో కటోడా మాటే చివరి మాట. వాటిని ఫొటో తీయాలన్నా ఆయన అనుమతి ఉండాలి.

చివరిగా, గ్రామసభ. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు తమ సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం ఇచ్చింది. మన ఊరి చిట్టెపు దిబ్బ మన పూర్వీకుల పని గుర్తు అని, దాన్ని తవ్వకూడదని తీర్మానం చేయించండి. ఒక కాపీ పురావస్తు శాఖకు పంపండి. అప్పుడు దానికి కాగితం మీద కూడా రాత పుడుతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మనకు ఏ రాజూ బంగారు పిడి కత్తి ఇవ్వలేదు. రాంజీ గోండుకు ఉరితాడు ఇచ్చారు, కొమురం భీముకు తూటా ఇచ్చారు. కానీ అధికారి కత్తి మీద మెరిసే చారలు ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరైనా వెతికితే, దారి తిరిగి తిరిగి గోదావరి ఒడ్డున ఒక ఆరిపోయిన కొలిమి దగ్గర ఆగుతుంది. ఆ కొలిమి పక్కన నిలబడి, ఇదిగో ఇక్కడే అని వేలు పెట్టి చూపించేవాళ్లు ఉండాలి. ఆ వేలు మీది కావాలి.

జై సేవా!